పదిహేడో నంబరు తాళం

నా బావమరిది రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు కట్టి ఉన్నాయి. వేలిముద్ర కోసం ఆసుపత్రికి వచ్చినవాడు ఆ కట్లను చూసి కాస్త ఇబ్బంది పడ్డాడు. కాస్తే. తర్వాత సంచీలోంచి సిరాపెట్టె తీసి మంచం చివర పెట్టి, "కాలి బొటనవేలైనా సరిపోతుందండీ, మా లాయరుగారిని అడిగే వచ్చాను" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నా భార్య తమ్ముడి తల ఎత్తి పట్టుకుని నీళ్ళు తాగిస్తోంది. మీలో పని చేసుకునేవాళ్ళున్నారు, చదువుకునే పిల్లలున్నారు. ఇద్దరికీ పనికొస్తుందని చెబుతున్నాను. విన్నది కాదు, చూసింది.

బావమరిది దుప్పట్లోకి కాలు లాక్కున్నాడు. "బావా, ఏమంటున్నాడు?"

"కాలి వేలు కావాలట."

"చేతులు చాల్లేదటా?"

వచ్చినవాడు కంపెనీ మనిషి. అవకాశాల అధికారి అని అతని ఉద్యోగానికి పేరు. ఎప్పుడూ ఆకుపచ్చ చొక్కాలోనే కనిపిస్తాడు కాబట్టి మేమంతా పచ్చచొక్కా అంటాం. కుర్రవాడేమీ చెడ్డగా మాట్లాడడు. అందరినీ అండీ అంటాడు. అదే ఒక్కోసారి ఒళ్ళు మండిస్తుంది.

కాగితం తీసుకుని చదివాను. 'నేను సొంత వ్యాపారస్తుడిని. నా వ్యాపారం పని మీద నా ఇష్టంతో యార్డులోకి వెళ్ళాను. నా అజాగ్రత్త వల్ల గాయపడ్డాను. కంపెనీకి సంబంధం లేదు.'

"గురువారం యార్డు ప్రారంభోత్సవం ఉందండీ" అన్నాడు పచ్చచొక్కా. "అప్పటికి ఇది తేలిపోతే ఆసుపత్రి సంగతి కంపెనీయే దయతో చూసుకుంటుంది. ఇంకోటి. తొమ్మిదో వరుస స్విచ్చి పెట్టెకి మీ తాళం ఇంకా అలాగే వేలాడుతోంది. చెవి ఇస్తే తీయించేస్తాం."

ఆ తాళం చెవి బావమరిది మెడలో దారానికి ఉంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

నా భార్య గ్లాసు పక్కన పెట్టింది. "నాయనా, సాయంత్రం ఇంటికెళ్ళాక ఇవాళ ఏం పని చేశానని చెబుతావు మీ అమ్మకి?"

అతను సిరాపెట్టె మూత పెట్టుకుని, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

అక్కడి దాకా ఎలా వచ్చామో చెప్పాలి.

మాది బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు. పాతికేళ్ళు నేను అందులో పనిముట్ల గది చూశాను. దాంతోపాటు తాళాల బోర్డు. మమ్మల్ని ఆ పెద్ద యంత్రాలు మింగకుండా కాపాడింది ఆ బోర్డే. మనిషికో తాళం, తాళం మీద అతని నంబరు. బాయిలర్లోకో, బొగ్గు నూరే మిల్లులోకో దిగేవాడు ముందు దాని స్విచ్చి కట్టేసి, తన తాళం తనే వేసి, చెవి జేబులో పెట్టుకుని దిగాలి. పదిమంది దిగితే పది తాళాలు. అవతలివాడి తాళం మేనేజరైనా సరే తీయకూడదు, ఎవడిది వాడే వచ్చి తీసుకోవాలి. అన్నీ తీశాక స్విచ్చి వేసే ముందు నేను గొంతెత్తి మూడుసార్లు అడగాలి. లోపల ఎవరైనా ఉన్నారా? మూడుసార్లూ నిశ్శబ్దంగా ఉంటేనే చెయ్యి ఊపేవాణ్ణి. ఆ నిశ్శబ్దం కోసం నేను మనసులో దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి. పాతికేళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు.

తర్వాత దేశమంతా పొగ మానేయాలని ప్రభుత్వం తీర్మానించింది. ప్లాంటు మూసేశారు. అందులో తప్పేముంది? మా వీధిలో దగ్గని ఇల్లు లేదు. ఆరేసిన బట్టల మీద బూడిద పడని రోజు లేదు. ఈ పొగ పోవాలని నేనే ప్రార్థనలో కోరుకున్నాను. కోరిక తీరిన రోజున మా అందరి ఉద్యోగాలూ పోయాయి. భగవంతుడు వరం ఇచ్చేటప్పుడు మధ్యలో ఎవరు చెయ్యి పెడతారో, నాకు ఇప్పటికీ తెలియదు.

తాళాల బోర్డు తుక్కులో వేయబోతుంటే, నేను తీసుకుంటానన్నాను. "తుక్కే కదా, పట్టుకుపో" అన్నారు. ఇంటికి తెచ్చి గోడకి కొట్టాను.

మూడు నెలల తర్వాత కంపెనీ వాళ్ళు సదస్సు పెట్టారు. 'మారుతున్న దేశం, మీ ముంగిట్లో వ్యాపార అవకాశాలు' అని బ్యానరు. ప్లాంటు పక్క భూమిలోనే ఎండతో కరెంటు తీసే పలకలు పరిచి, కరెంటు నిలవచేసే బ్యాటరీల యార్డు కడతారట. వేదిక మీద పచ్చచొక్కా మైకు పట్టుకుని, "ఇకనుంచి మీరెవరూ కార్మికులు కారండీ" అన్నాడు. "ఒక్కొక్కరూ ఒక్కో వ్యాపారసంస్థ. ఈ మార్పులో మీరు మా భాగస్వాములు."

మా క్రేనక్క లేచింది. ఇరవై ఏళ్ళు పైన కూర్చుని క్రేను నడిపిన మనిషి, కిందివాళ్ళకి వినపడేలా మాట్లాడటం అలవాటు.

"బాబూ, మరి పొద్దున్నే ఎన్నింటికి రావాలో ఎవరు చెబుతారు?"

"మేం చెబుతామండీ."

"ఏ పని చెయ్యాలో?"

"అదీ మేమే."

"రాకపోతే?"

"అవకాశం ఇంకొకరికి వెళ్తుందండీ."

"అయితే నేను యజమానినయ్యాక మారిందేమిటంటే, కింద పడితే లేపేవాడు లేడు. అంతేగా?"

హాలంతా నవ్వింది. నవ్వి, వరసలో నిలబడి సంతకాలు పెట్టింది. నేనూ పెట్టాను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఉన్నమాట చెబుతున్నాను, క్రేనక్క కూడా పెట్టింది.

నాలుగు రోజుల శిక్షణ అన్నారు. మొదటి రోజు వ్యాపారంలో ఎలా నవ్వాలో నేర్పారు. రెండో రోజు అందరికీ కార్డులు అచ్చువేసి ఇచ్చారు. మూడో రోజు సర్టిఫికెట్లు, ఫోటోలు. ఎండ పలకల కరెంటు గురించి చెప్పాల్సింది నాలుగో రోజు. పని వెనకబడుతోందని ఆ రోజు రద్దు చేసి నేరుగా యార్డులోకి తోలారు.

మొదటి రోజు పొద్దున్న బావమరిది మా ఇంటికి వచ్చాడు. "బావా, నా తాళం ఇవ్వు" అన్నాడు. బోర్డు మీంచి పదిహేడో నంబరు తీసి చేతిలో పెట్టాను. "ఇది పడిందంటే ఇంక నీకు భయం లేదురా" అని భుజం తట్టి పంపాను.

నెల తిరగకుండా ఒక మిట్టమధ్యాహ్నం పచ్చచొక్కా అతనికి ఫోన్ చేశాడు. తొమ్మిదో వరుసలో తీగ పక్కకి జరపాలి, అరగంటలో అయిపోవాలి. బావమరిది వెళ్ళాడు. వరుస చివర పెట్టెలో స్విచ్చి కట్టేశాడు. పదిహేడో నంబరు తాళం వేశాడు. చెవి మెడలో వేసుకున్నాడు. ఇంక చచ్చిన తీగే కదా అని రెండు చేతులతో పట్టుకుని కత్తిరించాడు.

మెరుపులాంటి వెలుగు వచ్చిందని పక్క వరుసవాళ్ళు చెప్పారు.

ఆ కాగితం చూసిన మర్నాటి నుంచి నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. కంపెనీ పనిలో గాయపడ్డ కార్మికుడు అని ఎక్కడో ఒకచోట రాయించాలి. అలా రాస్తే వైద్యం హక్కు, రాయకపోతే భిక్ష. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే.

కార్మికుల ఆఫీసులో గుమాస్తా టీ చల్లార్చుకుంటూ, "మీ బావమరిది యజమాని అండీ. యజమానుల గొడవలు మేం చూడం. పరిశ్రమల ఆఫీసుకి వెళ్ళండి" అన్నాడు.

పరిశ్రమల ఆఫీసులో, "గాయాలు మాకు రావు. కార్మికుల ఆఫీసుకి వెళ్ళండి" అన్నారు.

"అక్కణ్ణుంచే వస్తున్నాను."

"అయితే సరిగ్గా అడిగి ఉండరు."

పోలీసు స్టేషనులో రెండు ఆఫీసుల నుంచీ కాగితం తెమ్మన్నారు. మళ్ళీ మొదటి ఆఫీసుకి వెళితే గుమాస్తా సెలవు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం వాడు చూస్తాడు. వీళ్ళు చూడనైనా చూడలేదు. ఓపిక పట్టడం పుణ్యమని చిన్నప్పటి నుంచీ విన్నాను, మనసారా నమ్మాను. మూడో రోజు ఆ మెట్ల మీద కూర్చుని దేవుణ్ణి అడిగాను. స్వామీ, ఈ పుణ్యం ఓపిక పట్టేవాడి ఖాతాలోకేనా, లేక పట్టించేవాడికి కూడా వాటా ఉందా?

బుధవారం పొద్దున్న పాత ప్లాంటు క్యాంటీనులో అందరం కలిశాం. బల్లలు తీసేశారు, గోడకి చెయ్యి కడుక్కునే కుళాయిలు మాత్రం ఉన్నాయి. నీళ్ళు రావు. నలభై మందికి పైనే వచ్చాం.

టర్బైను పెద్దాయన ముందు మాట్లాడాడు. మాలో అందరికంటే వయసులో పెద్ద. "సంతకం పెట్టించేద్దాం. కాల్చుకుంది ఒక్కడు. గొడవ పెడితే పని పోయేది అందరికీ. గోరుచుట్టు మీద రోకలిపోటు దేనికి?"

"మరి రేపు నీ చేతులు కాలితే?" అంది క్రేనక్క.

"నేను జాగ్రత్తగా ఉంటాను."

"వాడూ జాగ్రత్తగానే ఉన్నాడుగా పెద్దాయనా. తాళం వేసే దిగాడు."

"తాళం వేస్తే కాలదు. ఏదో పొరపాటు చేసే ఉంటాడు."

అప్పుడు నేను లేచాను. నాకు సభల్లో మాట్లాడటం చేతకాదు. "తాళం ఇచ్చింది నేను. భయం లేదని చెప్పి పంపిందీ నేనే" అన్నాను. మళ్ళీ కూర్చున్నాను.

క్రేనక్క కూతురు కరెంటు డిప్లొమా చదువుతోంది. మూల నిలబడి వింటున్న పిల్ల ముందుకొచ్చింది. "మామయ్యా, మీ తప్పు కాదు. బొగ్గు ఆపితే బాయిలరు చల్లారుతుంది. ఎండని ఎవరు ఆపుతారు? పలక మీద ఎండ పడుతున్నంతసేపూ ఆ తీగలో కరెంటు ఉంటుంది. స్విచ్చి కడితే దానికి అవతలి తీగ చస్తుంది, పలక వైపుది బతికే ఉంటుంది. ముందు పలకల మీద ముసుగు కప్పాలి, మీటరు పెట్టి చూడాలి, దానికి తగ్గ గ్లవ్స్ తొడుక్కోవాలి. మా మొదటి సంవత్సరం పాఠం ఇది. అరపూట చాలు చెప్పడానికి."

ఎవడి చేతులు వాడు చూసుకుంటున్నాడు. నెలరోజులుగా అందరం అవే తీగలు పట్టుకున్నాం, అదే నమ్మకంతో.

"అరపూట" అన్నాడు గ్యాస్ కట్టరు పట్టేవాడు. "నవ్వడం నేర్పడానికి రోజంతా పట్టింది."

టర్బైను పెద్దాయన నేల మీద చతికిలబడ్డాడు. "నేను పదకొండో వరుసలో నిన్ననే కోశాను తీగ" అన్నాడు మెల్లగా. "మబ్బు పట్టి ఉందప్పుడు."

"మబ్బుకి దణ్ణం పెట్టుకో" అంది క్రేనక్క. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తగువు అక్కడితో ఆగలేదు. అర్జీ రాద్దామని ఒకడు. నా మూడు రోజుల తిరుగుడు చెప్పాను. పనికి రావడం మానేద్దామని ఇంకొకడు. "మానేస్తే అవకాశం ఇంకొకడికి పోతుంది, వాడి చేతులు కాలతాయి" అంది ఆ పిల్ల. రేపు ప్రారంభోత్సవానికి ముందు బావమరిది తాళం కోసి పారేస్తారని గ్యాస్ కట్టరువాడు చెప్పాడు. కోయమని చెప్పింది అతనికే. ఆ తాళం పోతే అతను స్విచ్చి కట్టి, నియమం ప్రకారం పనిలో దిగాడనడానికి ఉన్న ఒక్క సాక్ష్యం పోతుంది. మిగిలేది అజాగ్రత్త అని రాసిన కాగితం.

"పాత ప్లాంటులో ఒకడి తాళం మిగిలిపోతే ఏం చేసేవాళ్ళం?" అని అడిగాను.

"వాడు వచ్చేదాకా ఆగేవాళ్ళం" అన్నాడు పెద్దాయన.

"మన తాళాలు తీసేసేవాళ్ళమా?"

"తీసేవాళ్ళం కాదు. లోపల మనిషి ఉన్నట్టే లెక్క."

మాట అనేశాక ఆయనే తలెత్తి నావైపు చూశాడు. నేను ఇంటికి వెళ్ళి గోడ మీది బోర్డు దించాను. నా భార్య తడిగుడ్డతో ఒక్కొక్క తాళం మీది దుమ్ము తుడిచి ఇచ్చింది.

గురువారం పొద్దున్నే మమ్మల్ని ఊడవడానికి, కుర్చీలు వేయడానికి పిలిచారు. మాలో ప్రతివాడి జేబులోనూ వాడి తాళం ఉంది. యార్డు మొత్తానికి ఒకటే పెద్ద స్విచ్చి, స్విచ్చి గదిలో కట్టేసి ఉంది. వేదిక మీద అతిథి బటన్ నొక్కగానే లోపలివాడు దాన్ని పైకి లేపాలి. ఆ స్విచ్చి పిడికి ఆరు కన్నాల ఇనప క్లిప్పు తగిలించాను. అయిదు కన్నాలకు అయిదుగురు తాళాలు వేశారు, ఆరోదానికి ఇంకో క్లిప్పు. అలా క్లిప్పు కింద క్లిప్పు, నేల దాకా. ఒక్కొక్కరే చీపురుతో వచ్చి, తాళం వేసి, మళ్ళీ చీపురు పట్టుకుని వెళ్ళారు. క్రేనక్క తన తాళం వేసి ఒకసారి లాగి చూసుకుంది. చివరిది టర్బైను పెద్దాయనది. నలభై ఒక్కటి.

అతిథులు వచ్చారు. పొగలేని దేశం గురించి మాట్లాడారు. మమ్మల్ని చూపించి, నిన్నటి కార్మికులు నేటి పారిశ్రామికవేత్తలు అన్నారు. బటన్ నొక్కారు. చప్పట్లు కొట్టారు. వేదిక వెనక పెద్ద తెర మీద అంకె సున్నా దగ్గరే నిలబడింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ చప్పట్లు, ఈసారి కొంచెం తక్కువ.

పచ్చచొక్కా స్విచ్చి గదిలోకి పరుగెత్తాడు. బయటికి వచ్చేటప్పటికి మేమంతా తలుపు ముందు నిలబడి ఉన్నాం.

"ఎవరివండీ ఆ తాళాలు?"

"ఎవరి వ్యాపారం వాళ్ళది బాబూ" అంది క్రేనక్క. "పక్కసంస్థ తాళం గురించి మాకెలా తెలుస్తుంది?"

అతను గ్యాస్ కట్టరువాణ్ణి పిలిచాడు. "కొయ్యి."

గ్యాస్ కట్టరువాడు గొట్టం చుట్ట చుట్టి నేల మీద పెట్టాడు. "నా సర్వీసులో ఎంతో ఇనుము కోశాను సార్. మనిషి లోపలుండగా తాళం కొయ్యలేదు."

"లోపల ఎవరున్నారు?"

"పదిహేడో నంబరు."

అప్పుడే గేటు దగ్గర కలకలం. నా భార్య తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి నడిపించుకుని వస్తోంది. డాక్టరు వద్దన్నా ఆగలేదట. కట్లు కట్టిన చేతులు ముందుకు చాపి, ఏదో మోస్తున్నవాడిలా నడుస్తున్నాడు. మెడలో దారం, దారానికి చెవి. అతిథుల కుర్చీల మధ్యలోంచే వచ్చాడు. కొందరు తల తిప్పుకున్నారు, ఒకామె లేచి దారి ఇచ్చింది.

"తాళం చెవి కావాలన్నారుగా" అన్నాడు పచ్చచొక్కాతో. "తీసుకో. నా చేతులు లేవవు, నువ్వే తియ్యి మెళ్ళోంచి. ముందు ఒక్క ముక్క రాయి. నీ పని మీద, నువ్వు పిలిస్తే వచ్చిన కార్మికుణ్ణని. నాలుగో రోజు పాఠం అందరికీ చెప్పిస్తానని. నలభై రెండు తాళం చెవులూ నీ చేతిలో పోస్తారు."

పచ్చచొక్కా ఆ చెవివైపు చూశాడు. అతని జేబులో పెన్ను ఉంది. చెయ్యి దాని దాకా వెళ్ళిందని నాకనిపించింది. నా భ్రమో ఏమో. "నాకు రాసే అధికారం లేదండీ" అన్నాడు చివరికి. నిజమే అయ్యుంటుంది. అతనూ మాలాంటి సంతకమే పెట్టి ఉంటాడు. అధికారం ఉన్నవాళ్ళు అప్పటికే కార్లెక్కుతున్నారు.

పోలీసులు వచ్చారు. ఇనస్పెక్టరు తాళాల వరస చూసి, "వీటన్నిటికీ పెద్ద ఎవరు?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.

"ఇవి కంపెనీ ఆస్తి. దొంగతనం అవుతుంది తెలుసా?"

"తుక్కు అని వాళ్ళే ఇచ్చారు బాబూ."

"కాగితం ఉందా?"

లేదు. పాతికేళ్ళు ఒక్క మేకు ఇంటికి తీసుకువెళ్ళని నన్ను దొంగని చేసి వ్యాను ఎక్కించారు. నాకు సిగ్గు వేస్తుందనుకున్నాను. వేయలేదు. నా భార్య వ్యాను పక్కకి వచ్చి, "మందులు వేసుకున్నారా?" అని అడిగింది. వేసుకున్నానన్నాను. తమ్ముడి పక్కకి వెళ్ళి నిలబడింది.

పోలీసులు వాళ్ళ మనుషులనే తెచ్చారు. పెద్ద కత్తెరతో ఒక్కొక్క తాళం కోస్తున్నారు. గది తలుపు తెరిచే ఉంది. ఒక్కొక్కటీ సిమెంటు నేల మీద పడ్డప్పుడల్లా చప్పుడు వినిపిస్తోంది. నేను మనసులో నంబర్లు తలుచుకుంటున్నాను. నాలుగు. ఇరవై రెండు. ముప్పై. అవి కోసిన తర్వాత తొమ్మిదో వరుసకి వెళ్ళి పదిహేడు కోస్తారు. స్విచ్చి వేస్తారు. కాగితంలో అజాగ్రత్త అని మిగిలిపోతుంది. రేపు ఇంకొకడు అరగంటలో తీగ జరపడానికి పరుగెత్తుతాడు.

చివరి తాళం పడింది. ఒకడు పిడి మీద చెయ్యి వేశాడు.

ఎవరూ అడగకుండా స్విచ్చి వేయబోతున్నారని అప్పుడు గుర్తొచ్చింది. పాతికేళ్ళ అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది. వ్యాను ఊచలు పట్టుకుని గొంతెత్తి అడిగాను.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

ఆ ప్రశ్నకి జవాబు నేను నా సర్వీసులో ఎప్పుడూ వినలేదు. వినకూడదనే కోరుకునేవాణ్ణి.

"ఉన్నాను" అన్నాడు బావమరిది.

రెండోసారి అడిగాను. "ఉన్నాను" అంది క్రేనక్క, పైనుంచి కిందికి వినపడే గొంతుతో. తల్లితో వచ్చిన ఆమె కూతురు అంది. గ్యాస్ కట్టరువాడు అన్నాడు. అప్పటిదాకా తల వంచుకున్న టర్బైను పెద్దాయన అన్నాడు.

పిడి మీద చెయ్యి వేసినవాడు తిరిగి చూశాడు. వ్యాను కదిలింది. నేను మూడోసారి అడిగాను.

"ఉన్నాం" అన్నారు అందరూ.

గేటు దాటి రోడ్డెక్కాక కూడా అది వినిపిస్తూనే ఉంది. పక్కన కూర్చున్న కానిస్టేబులు, "ఏంటి పెద్దాయనా అది, ప్రార్థనా?" అని అడిగాడు.

కొంచెం ఆలోచించాను. "అవును బాబూ" అన్నాను.